ఎండాకాలాన్ని చూసి డెక్ మార్చకు, తమ్ముడూ

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది బల్లార్షా. నా వయసు 24. మా తాత మంచిర్యాల దగ్గరి పల్లె నుంచి పేపర్ మిల్లు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను బొగ్గు గని దగ్గర ఒక కాంట్రాక్టర్ ఆఫీసులో లెక్కలు చూస్తాను. 2023లో హైదరాబాద్‌లో ఉండే మా బావ తన స్టీమ్ డెక్ (చేతిలో పట్టుకుని కంప్యూటర్ గేములు ఆడే యంత్రం) నాకు తక్కువ ధరకు ఇచ్చాడు. ఎల్‌సీడీ మోడల్, 64 జీబీ. డ్యూటీ అయ్యాక రోజూ గంటో రెండు గంటలో ఆడతాను. నెలకు రెండుసార్లు రైల్లో నాగపూర్ వెళ్తాను, ఆ మూడు గంటలూ నాకు అదే తోడు.

ఈ మధ్య అది ముసలిదైపోయిందేమో అనిపిస్తోంది. మే నెల నుంచి ఫ్యాన్ ఒకటే హోరు. బాగా ఆడిన గేములు కూడా ఆగి ఆగి నడుస్తున్నాయి. ఛార్జింగ్ గంటా పావుకు మించి రావడం లేదు. ఎడమ స్టిక్ ముట్టుకోకపోయినా బొమ్మ దానంతటదే నడుస్తోంది. రెండు పెద్ద గేములు పెడితే మూడోదానికి చోటు లేదు. దోస్తులు వాలొరెంట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేము ఆడదాం రమ్మంటే అది ఇందులో రాదు. బావ ఇప్పుడు ఆర్‌ఓజీ అలై ఎక్స్ అనే ఇలాంటి యంత్రమే ఇంకోటి కొన్నాడు. "నీది పాత చిప్, అమ్మేసి కొత్తది తీసుకో" అంటున్నాడు. నా దగ్గర 60 వేలు ఉన్నాయి. చెల్లెలి కాలేజీ ఫీజు వేరే తీసిపెట్టాను. బాపు మాత్రం "ఉన్నది ఆడుతూనే ఉంది కదా" అంటాడు. అసలు ఇలాంటివి ఎన్నేళ్ళకు ఒకసారి మార్చాలి? ఫోన్లలాగా కంపెనీలే ఏటేటా కొత్తది ఎందుకు తేవు? ఇప్పుడు కొని ఆరు నెలలకే ఇంకోటి వస్తే ఎలా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన మాట "మే నెల నుంచి" అన్నది. నువ్వు దాన్ని మామూలుగా రాసి ముందుకు వెళ్ళిపోయావు. కానీ నీ ప్రశ్నలో సగానికి జవాబు అక్కడే ఉంది.

నేనుండేది చంద్రపూర్‌లో. మన దగ్గర మే నెల ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. 45, 46, ఒక్కోసారి 47 డిగ్రీలు. స్టీమ్ డెక్ చేసిన వాల్వ్ కంపెనీ ఆ యంత్రాన్ని 0 నుంచి 35 డిగ్రీల గాలిలో వాడమంది. ఇంకో చేతి గేమ్ యంత్రం నింటెండో స్విచ్‌కు కూడా పై హద్దు 35 డిగ్రీలే. మా ఇంట్లో కూలర్ వేసుకున్నా మే నెల రాత్రి తొమ్మిదింటికి గది 35 కిందికి దిగదు. అంటే తయారుచేసినవాళ్ళు వాడొద్దన్న వేడిలో మనం రోజూ ఆడుతున్నాం.

లోపల జరిగేది ఇది. చిప్ మీద పుట్టిన వేడిని ఒక రాగి గొట్టం పక్కనున్న సన్నటి రేకుల దాకా తీసుకెళ్తుంది. ఫ్యాన్ ఆ రేకుల మీదుగా గాలి ఊది వేడిని బయటికి పంపుతుంది. ఆ గాలి ఎక్కడిదంటే నీ గదిదే. ఫ్యాన్ దగ్గర చల్లదనమేమీ ఉండదు, ఉన్న గాలినే తిప్పుతుంది. గది 25 డిగ్రీలున్నప్పుడు చిప్ 80 దగ్గర ఆడుతోందనుకో, తేడా 55. గది 42కు పోతే, అదే గేముకు అదే తేడా కలిపితే 97 అవుతుంది. అది చిప్ హద్దుకు చాలా దగ్గర. ఆ హద్దు దాటబోతే చిప్ కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. నీకు ఆగి ఆగి నడిచినట్టు కనిపించేది అదే. అందులో చిప్ తప్పు లేదు. అది తనను తాను కాపాడుకుంటోంది.

కాబట్టి ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు ఒక పరీక్ష చెయ్యి. మీ ఆఫీసులో ఏసీ గది ఉంటే భోజనం వేళ అక్కడ కూర్చుని, లేదంటే తెల్లవారుజామున ఐదింటికి మేడ మీద, ఇబ్బంది పెడుతున్న ఆ గేమునే, అదే చోట, పావుగంట ఆడి చూడు. నున్నగా నడిచిందా, నీ డెక్ ముసలిది కాలేదు. ఎండాకాలం మన ఊరికి వచ్చినట్టే దానికీ వచ్చింది. అక్కడ కూడా తడబడితే అప్పుడు దుమ్ము సంగతి చూడాలి.

మన ప్రాంతంలో దుమ్ము సంగతి ఇంకో తీరు. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన ఉన్న ఇంట్లో సాయంత్రం కిటికీ గూటి మీద వేలు పెట్టి గీస్తే నల్లగా వస్తుంది కదా, అదే పొడి ఫ్యాన్ రెక్కలకూ, ఆ సన్నటి రేకుల మధ్యా పేరుకుంటుంది. మామూలు దుమ్ము పీచుపీచుగా ఉంటుంది, బ్రష్ పెడితే రాలుతుంది. బొగ్గు పొడి మెత్తగా, కొంచెం జిడ్డుగా అంటుకుని కూర్చుంటుంది. నేను పండ్లు తోముకునే మెత్తటి బ్రష్ ఒకటి దీనికోసమే వేరుగా పెట్టుకున్నాను. వెనక మూత తీసి (ఎలాగో చివర చెప్తాను), బ్రష్‌తో మెల్లగా దులిపి, ఆ తర్వాత చేతి బ్లోయర్‌తో ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోవాలి. గాలి వేగానికి ఫ్యాన్ గిర్రున తిరిగితే దాని బేరింగ్ దెబ్బతింటుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ దగ్గరికి మాత్రం తీసుకుపోవద్దు. ఆ గాలిలో నీటి చుక్కలు కూడా ఉంటాయి.

కూలర్ గురించి కూడా చెప్పాలి. మన విదర్భలో ప్రతి ఇంట్లో కూలర్ ఉంటుంది. గాలి చల్లగా వస్తుందని డెక్‌ను సరిగ్గా దాని ముందు పెట్టి ఆడేవాళ్ళను చూశాను. కూలర్ గాలి తడి గాలి, ఒక్కోసారి తుంపర కూడా పడుతుంది. గది చల్లబడటానికి వాడుకో, యంత్రం మీదికి మాత్రం పెట్టకు. పరుపు మీద, దిండు మీద పెట్టి ఆడినా వెనకనుంచి గాలి లోపలికి పోయే దారి మూసుకుపోతుంది.

ఇక బ్యాటరీ. ఇక్కడ నీతో కలిసి లెక్క వేయాలనుంది. నువ్వు లెక్కలు చూసేవాడివే కదా.

నీ డెక్ బ్యాటరీ కొత్తలో 40 వాట్ అవర్లు. అంటే 40 వాట్ల చొప్పున తాగితే ఒక గంట, 20 వాట్ల చొప్పున తాగితే రెండు గంటలు. పెద్ద గేము పూర్తి వేగంతో ఆడితే చిప్ ఒక్కటే 15 వాట్లు తాగుతుంది. తెర, వైఫై, ఫ్యాన్ అన్నీ కలిపితే మొత్తం 24 వాట్ల దాకా వెళ్తుంది. కొత్త బ్యాటరీ అయినా దాన్ని గంటా నలభై నిమిషాలే మోయగలదు. నీకు గంటా పావు వస్తోంది. వెనక్కి లెక్కవేస్తే నీ బ్యాటరీలో 30 వాట్ అవర్లు మిగిలినట్టు, అంటే నాలుగింట మూడు వంతులు. సెకండ్ హ్యాండ్‌లో వచ్చి ఇన్నాళ్ళు రోజూ వాడిన లిథియం బ్యాటరీకి అది సహజం. మన ఎండ దాన్ని ఇంకొంచెం ముందే అరగదీస్తుంది. డెస్క్‌టాప్ మోడ్‌లోకి వెళ్ళి బ్యాటరీ వివరాలు చూస్తే అసలు సామర్థ్యంలో ఎంత మిగిలిందో అదే చూపిస్తుంది. నా అంచనాను దానితో సరిచూసుకో.

ఇప్పుడు రెండో వైపు నుంచి చూడు. పక్కన మూడు చుక్కల బటన్ నొక్కితే పనితీరు సెట్టింగులు వస్తాయి. తెర రిఫ్రెష్ రేటును (సెకనుకు తెర ఎన్నిసార్లు మారేది), గేము ఫ్రేములను (సెకనుకు గీసే బొమ్మలను) 40కి కట్టు. చిప్ వాట్లను 7 లేదా 8కి పరిమితం చెయ్యి. 40 ఎందుకంటే, 30 ఫ్రేముల దగ్గర ఒక్కో బొమ్మకు 33 మిల్లీసెకన్లు, 60 దగ్గర దాదాపు 17. 40 దగ్గర 25, అంటే రెండిటికీ సరిగ్గా నడుమ. సంఖ్య 30కి దగ్గరగా ఉన్నా, కంటికి తెలిసే సాఫీతనంలో సగం దూరం దాటేసినట్టే. అలా పెట్టుకుంటే చాలా గేములు మొత్తం మీద 12 వాట్ల దగ్గర ఆడతాయి. అరిగిన నీ బ్యాటరీ మీదే రెండున్నర గంటలు వస్తుంది. వేడి సగమవుతుంది కాబట్టి ఫ్యాన్ కూడా ఊరుకుంటుంది. నాగపూర్‌కు మిగిలిన అరగంట కిటికీలోంచి చూడొచ్చు, లేదా 45 వాట్ల పీడీ (యూఎస్‌బీ వేగపు ఛార్జింగ్) అవుట్‌పుట్ ఉన్న పవర్ బ్యాంక్ ఒకటి సంచిలో వేసుకోవచ్చు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో కాగితం మీద 74 వాట్ అవర్లు ఉంటాయి. దారిలో కొంత పోయినా నీ డెక్‌కు కొత్త బ్యాటరీ కంటే ఎక్కువే అందుతుంది.

డెక్‌లో బ్యాటరీని జిగురుతో గట్టిగా అతికించి ఉంటారు. దాన్ని ఊడదీయడం ఈ యంత్రంలో అన్నిటికంటే కష్టమైన, ప్రమాదమైన పని. పట్టకారుతో పొడిచి లేపితే మంట అంటుకునే అవకాశం ఉంది. అందుకే నాలుగింట మూడు వంతులు మిగిలిన బ్యాటరీని నేను ముట్టుకోను, నిన్నూ ముట్టుకోమనను. వెనక మూత ఉబ్బెత్తుగా కనిపించినా, తెర అంచు లేచినా మాత్రం ఆ రోజే ఆపెయ్. ఛార్జింగ్ పెట్టకు, మంచం మీద ఉంచకు. అది మార్చి తీరాల్సిన స్థితి.

ఎడమ స్టిక్ సంగతి చిన్నది. ముందు సెట్టింగుల్లో డెడ్‌జోన్ (స్టిక్ చిన్న కదలికను పట్టించుకోని హద్దు) కొంచెం పెంచి చూడు. తగ్గకపోతే స్టిక్ మొత్తాన్నే మార్చొచ్చు. డెక్‌లో అది విడి భాగంగా స్క్రూలతో, ఒక రిబ్బన్ కేబుల్‌తో ఉంటుంది, సోల్డరింగ్ అక్కర్లేదు. మామూలు స్టిక్ లోపల ఒక చిన్న పట్టీ మీద ఇంకోటి రాసుకుంటూ తిరుగుతుంది, అరిగేది అదే. అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లలో ఆ రాపిడి ఉండదు. కొంటే వాటినే కొను.

చోటు సంగతికి వస్తే, ఇది నీ డెక్‌కు నిజంగా కావలసిన హార్డ్‌వేర్ మార్పు. 64 జీబీ మోడల్‌లో గేములు దాచే నెమ్మది మెమరీ, ఈఎంఎంసీ, కూడా ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన మెమరీ కూర్చునే స్లాట్‌లోనే ఉంటుంది. దాన్ని తీసి 2230 సైజు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ పెట్టొచ్చు. తర్వాత వాల్వ్ ఇచ్చే రికవరీ ఫైలును పెన్ డ్రైవ్‌లో వేసుకుని సిస్టమ్ మళ్ళీ ఎక్కించాలి. గేములు తెరుచుకునే వేగంలో తేడా నీకే తెలుస్తుంది. 2025 చివరి నెలల నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ చిప్‌లు ప్రియమయ్యాయి. కాబట్టి షాపులో పాత రేటు దొరుకుతుందనుకోకు. నీ వాడకానికి 512 జీబీ చాలు. అంత కూడా పెట్టలేననుకుంటే ఒక మంచి మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టి, చిన్న గేములన్నీ దానిలోకి మార్చుకో.

వాలొరెంట్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దానికోసం తప్పుడు వస్తువు కొనేవాళ్ళను చూస్తే నాకు బాధ. అది నీ డెక్‌లో రాకపోవడానికి చిప్ కారణం కాదు. మోసాన్ని పట్టుకునే దాని సాఫ్ట్‌వేర్ విండోస్ లోతుల్లో కూర్చుని పనిచేస్తుంది, డెక్‌ను నడిపే స్టీమ్ ఓఎస్ మాత్రం లైనక్స్ అనే వేరే సిస్టమ్ మీద నడుస్తుంది. రేపు దీనికి పది రెట్లు బలమైన స్టీమ్ ఓఎస్ యంత్రం వచ్చినా ఇదే అడ్డం ఉంటుంది. ఇంకా ఒకటి, కంప్యూటర్‌లో అది కీబోర్డు, మౌస్‌తో ఆడే ఆట. దోస్తులతో ఆడాలన్నదే నీ కోరిక అయితే ఇంట్లో ఒక సాదా విండోస్ కంప్యూటర్ సరిపోతుంది. ఆ గేము అంత బరువైనది కాదు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. ఎన్నేళ్ళకు? కంపెనీలు ఏటేటా ఎందుకు తేవు?

దీనికి నా సొంత కథ ఒకటి చెప్తాను. 2008లో నా దగ్గర సోనీ పీఎస్‌పీ అనే చేతి గేమ్ యంత్రం ఉండేది, మొదటి మోడల్. బాగానే పనిచేసేది. నాగపూర్ సీతాబర్డీలో ఒక షాపాయన కొత్త 2000 మోడల్ చూపించి, "మెమరీ రెట్టింపు, బరువు తక్కువ, టీవీకి కూడా కలపొచ్చు, పాతది ఇచ్చి పైన డబ్బు కట్టు" అన్నాడు. ఆ మాటల్లో ఏదీ అబద్ధం కాదు. మెమరీ నిజంగానే 32 నుంచి 64 ఎంబీ అయింది, బరువు మూడో వంతు తగ్గింది. ఆయన చెప్పనిది, నేను అడగనిది ఒకటుంది. గేములన్నీ పాతదాని కోసమే చేసినవి, కాబట్టి ఆటలో ఏ తేడా లేదు. పైగా బ్యాటరీ 1800 ఎంఏహెచ్ నుంచి 1200కు తగ్గింది. మూడు నెలల జీతంలో మిగిల్చుకున్నది పెట్టి నేను కొన్నది అదే గేము, అదే చిప్, కొంచెం తేలిక డబ్బా. టీవీ కేబుల్ ఒక్కసారి కూడా కలపలేదు. కొత్తది అన్న మాటకూ, మెరుగైనది అన్న మాటకూ మధ్య ఉన్న తేడా నాకు అప్పుడు తెలిసింది.

అప్పటి నుంచి ఏ కొత్త యంత్రం వచ్చినా నేను మొదట అడిగేది వాట్ల గురించే. చేతిలో పట్టుకునే యంత్రానికి గోడలో ప్లగ్ ఉండదు, పెద్ద ఫ్యాన్ ఉండదు, బరువు పెరిగితే చేతులు నొప్పి పెడతాయి. అందుకే అది ఎంత బలమైనది అన్నది తర్వాతి మాట. ఎన్ని వాట్లకు ఎంత పని చేస్తుంది అన్నదే మొదటి మాట.

ఇది కొత్త సంగతి కాదు. 1989లో నింటెండో గేమ్‌బాయ్ తెచ్చింది. తెర నలుపు, పచ్చ ఛాయల్లో మాత్రమే, వెనక లైటు కూడా లేదు. నాలుగు పెన్సిల్ సెల్స్ వేస్తే పది గంటలకు పైగా ఆడేది. మరుసటి ఏడాది సెగా కంపెనీ గేమ్ గేర్ తెచ్చింది. రంగుల తెర, వెనక లైటు. ఆరు సెల్స్ మింగి మూడు నుంచి ఐదు గంటలు నడిచేది. కాగితం మీద ఏది గొప్పదో చిన్నపిల్లాడు కూడా చెప్పేవాడు. కానీ జనం చేతుల్లోకి వెళ్ళింది గేమ్‌బాయ్. దాని తర్వాతి రంగుల మోడల్‌తో కలిపి దాదాపు 11.9 కోట్లు అమ్ముడైంది, గేమ్ గేర్ కోటి దగ్గరే ఆగింది. గేమ్‌బాయ్‌ను రూపొందించిన గున్‌పే యోకోయ్ పాతబడి, చౌకబడి, బాగా తెలిసిన పరికరాలనే కొత్త రకంగా వాడాలని నమ్మినవాడు. రంగుల తెరను తక్కువ కరెంటుతో ఇవ్వగలిగే దాకా నింటెండో ఆగింది. గేమ్‌బాయ్ కలర్ 1998లో వచ్చింది, అంటే తొమ్మిదేళ్ళకు. నా దృష్టిలో హార్డ్‌వేర్ మార్చాల్సిన సమయం అంటే అలాంటిది.

దగ్గరి ఉదాహరణ స్విచ్. 2017లో వచ్చిన స్విచ్ గేమును బట్టి రెండున్నర నుంచి ఆరున్నర గంటలు నడిచేది. 2019లో అదే పేరుతో, అదే సైజు తెరతో, అదే బ్యాటరీతో ముఖ్యంగా చిప్‌ను చిన్న ప్రాసెస్‌కు (ఇంకా సన్నటి భాగాలతో తయారుచేసే పద్ధతికి) మార్చారు. నాలుగున్నర నుంచి తొమ్మిది గంటలు వచ్చింది. వేగం పెంచలేదు, అందుకే పాతవాళ్ళెవరూ మోసపోలేదు, కొత్తవాళ్ళకు మేలు జరిగింది. 2021లో ఓఎల్‌ఈడీ తెర ఇచ్చారు, చిప్ అదే. అసలు తరం మార్పు స్విచ్ 2, అది 2025 జూన్‌లో వచ్చింది. నడుమ ఎనిమిదేళ్ళు.

నీ డెక్ తయారుచేసిన వాల్వ్ కూడా ఇదే దారిలో ఉంది. 2022లో డెక్ వచ్చింది. 2023 నవంబర్‌లో ఓఎల్‌ఈడీ మోడల్ వచ్చింది. చిప్ 7 నానోమీటర్ల నుంచి 6కు, బ్యాటరీ 40 నుంచి 50 వాట్ అవర్లకు, తెర 60 నుంచి 90 హెర్ట్జ్‌కు మారాయి. గేముల వేగం మాత్రం దాదాపు అదే. ఏటేటా కొంచెం కొంచెం పెంచి అమ్మబోమని, బ్యాటరీని బలిపెట్టకుండా ఒక పెద్ద గెంతు సాధ్యమైనప్పుడే డెక్ 2 తెస్తామని వాళ్ళే బయటికి చెప్పారు. ఈ మాట నాకు చాలా నచ్చింది. ఎందుకంటే గేములు చేసేవాళ్ళకు కూడా ఒక స్థిరమైన గీత కావాలి. లక్షలమంది దగ్గర ఒకే యంత్రం ఉంటే, ఆ యంత్రంలో ఆడేలా తమ గేమును చెక్కుతారు. ఏటా ఒకటి వస్తే దేనికీ సరిగ్గా చెక్కరు. 2014లో నింటెండో న్యూ 3డీఎస్ అని నడుమలో ఒకటి తెచ్చి, కొన్ని గేములు అందులోనే ఆడేలా చేసింది. పాత 3డీఎస్ ఉన్న పిల్లలు అవి చూస్తూ ఊరుకోవాల్సి వచ్చింది. అలాంటి నడిమి మార్పు వద్దు.

మీ బావ కొన్న అలై ఎక్స్‌ను తక్కువ చేయను, అది మంచి యంత్రం. అందులోని మార్పు కూడా నిజాయితీగా చేసిందే. ముందటి అలైలో ఉన్న చిప్‌నే ఉంచి, బ్యాటరీని 40 నుంచి 80 వాట్ అవర్లకు, మెమరీని 16 నుంచి 24 జీబీకి పెంచారు. జనం ఏది తక్కువైందన్నారో దాన్నే బాగుచేశారు. పైగా మన దేశంలో దాన్ని కంపెనీయే అమ్మకానికి పెట్టింది, వారంటీ ఉంటుంది. డెక్, స్విచ్ అలా కాదు, బయటి నుంచి తెప్పించుకోవడమే, పాడైతే మన తంటా మనదే. ఈ మాటలో బావ వైపు న్యాయం ఉంది. కానీ ఆ చిప్ అసలు బలం 15 వాట్లు దాటాక, 25 వాట్ల దగ్గర కనిపిస్తుంది. తక్కువ వాట్ల దగ్గర నీ పాత డెక్ చిప్ ఇప్పటికీ గట్టిగానే నిలుస్తుంది. బావ హైదరాబాద్‌లో ఏసీ గదిలో ప్లగ్ పెట్టుకుని 25 వాట్ల మీద ఆడతాడేమో. నువ్వు బల్లార్షాలో 42 డిగ్రీల గదిలో, రైలు బోగీలో ఆడతావు. 25 వాట్ల వేడిని ఆ గాలిలోకి పంపడం ఏ ఫ్యాన్‌కైనా కష్టమే. పైగా నీ 60 వేలు దానికి చాలవు, మిగతాది కిస్తీల మీద తీసుకోవాలి. దాన్ని నేను ఒప్పుకోను.

మరి నువ్వు ఎప్పుడు మార్చాలి? ఇన్నేళ్ళని చెప్పలేను, గుర్తులు చెప్తాను. చల్లటి గదిలో, శుభ్రం చేసిన యంత్రంలో, అన్నీ తక్కువ సెట్టింగుల్లో పెట్టి, ఎఫ్‌ఎస్‌ఆర్ (చిన్నగా గీసిన బొమ్మను పెద్దది చేసి చిప్ పని తగ్గించే పద్ధతి) వేసినా 30 ఫ్రేములు కూడా నిలవని గేము ఒకటి ఎదురైతే దాన్ని వదిలెయ్, నీ లైబ్రరీలో ఆడనివి ఇంకా ఎన్నో ఉంటాయి. అలాంటివి మూడు నాలుగు అయ్యి, అవే నువ్వు నిజంగా ఆడాలనుకుంటున్నవి అయితే, అప్పుడు సమయం వచ్చినట్టు. యూట్యూబ్‌లో చూసి ఆడాలనిపించినవి ఈ లెక్కలోకి రావు. అందుకే ఒక కాగితం మీద ఈ ఏడాది నువ్వు 20 గంటలకు మించి ఆడిన గేముల పేర్లు రాయి, స్టీమ్‌లోనే గంటలు కనిపిస్తాయి. వాటిలో ఎన్ని నీ డెక్‌లో ఆడడం లేదో చూడు. నా ఊహ, ఒక్కటి కూడా ఉండదు. ఇంకో గుర్తు, బ్యాటరీ ఉబ్బి, సరైన బ్యాటరీ దొరకని పరిస్థితి. మూడోది నీ కళ్ళు. ఏడు అంగుళాల తెర మీద అక్షరాలు చదవలేక తలనొప్పి వస్తోందంటే, చిప్ ఎంత కొత్తదైనా పాతదైనా పెద్ద తెర వైపు వెళ్ళడం న్యాయమే.

కొత్తది కొన్న ఆరు నెలలకే ఇంకోటి వస్తుందేమో అన్న టెన్షన్ పెట్టుకోకు. వస్తుంది. ఎప్పుడు కొన్నా ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. నీకు అవసరమైన రోజున, ఆ రోజు దొరికేదాంట్లో తక్కువ వాట్లకు ఎక్కువ పని చేసేది ఏదో చూసి కొను. అది వచ్చే ఏడాది అవుతుందో, మూడేళ్ళకో, నీ గేములే చెప్తాయి.

ఈ లోపు నీ 60 వేలలోంచి ఎస్‌ఎస్‌డీకీ, రెండు స్టిక్‌లకూ, పవర్ బ్యాంకుకూ తీసుకో. ఎక్కువ భాగం మిగిలే ఉంటుంది. బాపుతో కూడా ఒకసారి కూర్చుని ఈ లెక్క చూపించు. ఆయన గేములు ఆడకపోయినా నీ యంత్రం గురించి సరిగ్గానే చెప్పాడు, ఆ మాట నువ్వు ఆయనతో అంటే సంతోషిస్తాడు.

పని మొదలుపెట్టేది వానలు పడి గది చల్లబడ్డాక పెట్టుకో. ఛార్జింగ్ పావు వంతు కంటే తక్కువకు దిగనివ్వు, తర్వాత బయోస్‌లో (సిస్టమ్ మొదలవకముందే తెరుచుకునే మూల సెట్టింగుల్లో) బ్యాటరీ స్టోరేజ్ మోడ్ పెట్టు. వెనక స్క్రూలు రెండు రకాల పొడవుల్లో ఉంటాయి, ఏది ఎక్కడిదో ఒక కాగితం మీద డెక్ బొమ్మ గీసి అక్కడే గుచ్చి ఉంచు. మూత లేపాక బోర్డును కప్పిన లోహపు రేకు తీసి, మొదట బ్యాటరీ కేబుల్ ఊడదీసి ఆ తర్వాతే మిగతావాటిని ముట్టుకో. అన్నిటికంటే ముందు, ఒక్క స్క్రూ కూడా తిప్పకముందే, మైక్రో ఎస్‌డీ కార్డు బయటికి తీసెయ్. కార్డు లోపలే ఉంచి మూత లాగితే కార్డు నడుమకు విరుగుతుంది. నా దగ్గరికి వచ్చిన డెక్‌లలో మూడిటికి అలాగే జరిగింది.